ముసుగులో వదిన

సినిమా తీసేది మరిది, ఫైట్లు నేర్పేది మొగుడు, బట్టలు కుట్టేది ఆవిడ. మొదటి సినిమా తీస్తున్నప్పుడు మరిది గంటకోసారి "వదినా, నల్లబట్టలు అయ్యాయా?" అని కేకేసేవాడు. మూడో రోజుకల్లా లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన కెమెరా పెద్దాయన దాకా అందరూ ఆవిడను వదిన అనడం మొదలుపెట్టారు. పన్నెండేళ్ళలో అయిదు సినిమాలయ్యాయి. ఇప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఆవిడే తిరిగి చూడదు.

అవి పెద్ద సినిమాలు కావు. ఒక్కోటి గంటంపావు ఉంటుంది. శనివారం పొద్దుట బడి హాళ్ళలోనూ, గ్రంథాలయాల్లోనూ వేస్తే పిల్లలు అమ్మానాన్నల్ని లాక్కుని వచ్చి చూస్తారు. ఫైట్లు బోలెడు. కానీ కత్తి ఉండదు, రక్తం ఉండదు, ఎవరూ చావరు. దొంగలు చివర్లో సిగ్గుపడి తీరాలి. అది మరిది పెట్టుకున్న నియమం. దొంగలు నలుగురే. దెబ్బలు తిని పెట్టెల వెనక పడిపోయాక, గోడ చుట్టూ పరిగెత్తుకెళ్ళి, నడుం గుడ్డ రంగు మార్చుకుని మరో నలుగురుగా వస్తారు. మొహాలకు ముసుగులు కదా, ఎవరూ పోల్చుకోలేరని మరిది ధీమా. పిల్లలు రెండో సినిమాకే కనిపెట్టేశారు. "మళ్ళీ వచ్చారు వీళ్ళే" అని హాలంతా గోలగోలగా నవ్వుతారు. మరిది అది కూడా తన ప్రతిభ కిందే జమ కట్టుకున్నాడు.

షూటింగు శని, ఆదివారాల్లో, మూతపడ్డ మేజోళ్ళ ఫ్యాక్టరీలో. ఒకప్పుడు మేజోళ్ళు జతలు కట్టి డబ్బాల్లో పెట్టిన గది వదినకిచ్చారు. ఆ గదికి తలుపు లేదు. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఫైట్లు జరిగే చోటు మొత్తం కనిపిస్తుంది. మొగుడు అక్కడ "ఒకటి, రెండు, తిప్పు, నాలుగు" అని లెక్క చెబుతుంటే ఇక్కడ ఆవిడ పాదాలు మిషను మీద అదే లెక్కకు ఆడేవి. ఏ తన్నుకు ఎవడు ఎటు పడాలో ఆవిడకు కంఠతా వచ్చు. ఆ సంగతి ఆవిడను ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆరో సినిమాకు కథానాయిక ఆడపడుచు కూతురు. పదేళ్ళది. సన్నగా, చురుగ్గా, ఒకచోట నిలవకుండా ఉంటుందని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టారు. ఆరో ఏట నుంచి ఫైట్లు నేర్పే మేనమామ దగ్గర నేర్చుకుంటోంది. దాని కాలు తల ఎత్తుకు లేచి, ఎదుటివాడి మొహానికి జానెడు దూరంలో టక్కున ఆగేది. కెమెరా పడేవాడి వెనక ఉంటుంది కాబట్టి ఆ జానెడు ఖాళీ ఎవరికీ కనిపించదు. సరిగ్గా ఆ క్షణంలో వాడు తల విసిరి పడిపోతే చాలు, చూసేవాళ్ళు దవడ పట్టుకుంటారు.

మూడో శనివారం ఆ జానెడు తప్పింది. ముసుగు దొంగల్లో పీపా అనే ఆయన ఉన్నాడు. వారమంతా బస్సు నడుపుతాడు, ఒళ్ళు చూస్తే పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు. నేలమీది దుమ్ముకు ఆయన బూటు జారింది, మనిషి అరడుగు ముందుకొచ్చాడు. పిచ్చుక మడమ ఆయన ముక్కు మీద దిగింది. ముసుగు తీస్తే గడ్డం దాకా రక్తం. పీపా "అబ్బే, ఏం కాలేదు" అంటూనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అందరూ ఐసు కోసం, గుడ్డ కోసం పరిగెత్తారు. పిచ్చుక మాత్రం ఉన్నచోటే నిలబడి తన కాలి వంక చూసుకుంటోంది. కంట్లో ఒక్క చుక్క లేదు. అది చూసే వదినకు భయం వేసింది. ఏడ్చే పిల్లనైతే ఊరుకోబెట్టచ్చు.

మర్నాడు పిచ్చుక కాలు బారెడు దూరంలోనే ఆగిపోయింది. ఇంకాస్త దగ్గరగా అని మేనమామ చెప్పాడు, తల ఊపింది, మళ్ళీ అక్కడే ఆపింది. ఆ దూరంలో పడేవాడు పడితే పూనకం వచ్చి పడ్డట్టుంది. మరిది పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించాడు. వాళ్ళమ్మ ఇంటిదగ్గర నచ్చజెప్పింది. ఆ తర్వాతి శనివారం పీపా ముక్కుకు పట్టీతో వచ్చి, తన ముక్కు పుట్టినప్పటి నుంచీ వంకరేననీ, పిచ్చుక తన్నాకే తిన్నగా అయిందనీ, భార్య కూడా మెచ్చుకుందనీ గంతులేసి చెప్పాడు. అందరూ నవ్వారు. పిచ్చుక నేల చూపులు చూస్తూ ఇంకాస్త ముడుచుకుపోయింది.

ఫ్యాక్టరీ ఇంకో రెండు వారాలే చేతిలో ఉంటుంది, తర్వాత పడగొట్టేస్తారు. చివరి ఫైటును పాటగా మార్చేద్దామా అని మరిది ఆలోచనలో పడ్డాడు. మాస్టారు, అంటే వదిన మొగుడు, పిల్లనొదిలెయ్యండి, భయం మాటలతో పోదు అన్నాడు. మరి దేంతో పోతుందో ఆయనకూ తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చుంటే పిచ్చుక వచ్చి వదిన గదిలో బట్టల మూట మీద కూర్చుంది. వదిన, పడేవాళ్ళ పక్కటెముకలకూ తుంటికీ అడ్డుగా పెట్టే దూది మెత్తలు కుడుతోంది.

"అత్తయ్యా, పీపా బాబాయ్ చొక్కాకి రక్తం పోయిందా?"

"నలుపు మీద కనపడదులే. అయినా రెండుసార్లు ఉతికాను."

పిచ్చుక మూట ముడి విప్పుతూ, వేస్తూ కూర్చుంది. "నేను ఆపాననే అనుకున్నా" అంది కాసేపటికి.

వారం రోజులుగా అందరూ ఆ పిల్లకు చెప్పింది ఒకటే, ఏం కాలేదని. వదినకు ఆ మాట నోట రాలేదు. "తగిలింది. నేనూ చూశాను" అంది.

పిచ్చుక తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. వారంలో ఎవరి మొహంలోకైనా అది చూడటం అదే మొదలు.

వదిన దారం కొరికి, కుట్టిన మెత్తను తన తుంటికి ఆనించి చూసుకుంది. ఇవి ఎంత బాగా పనిచేస్తాయో తనకెప్పుడూ తెలియలేదనీ, పడి చూస్తేగానీ తెలియదనీ, ఎలా పడాలో కాస్త చూపించమనీ అడిగింది. పిల్లను దారికి తెచ్చే ఉపాయమేమీ ఆవిడ మనసులో లేదు. పన్నెండేళ్ళుగా ఉన్న కోరిక ఆ వేళ ఎందుకో నోటికొచ్చింది, అంతే.

పీపా నల్ల చొక్కా, పైజామా తగిలించుకుంటే ఆవిడలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత చోటుంది. ఏడు పిన్నీసులు పెట్టి బిగించింది. పిచ్చుక మూటలు విప్పి బట్టలన్నీ నేలమీద పరుపులా వేసింది. ముందు గడ్డం గుండెకు ఆనించాలట. ఊపిరి బిగబట్టకూడదట, పడేటప్పుడు వదిలేయాలట. అరచేతులతో నేలను కొట్టాలట, మోచేతులు మాత్రం ఆనకూడదట. వదిన మొదటిసారి గోనెసంచిలా పడింది. రెండోసారి పడి లేవలేక నవ్వుతూ ఉండిపోయింది. పిచ్చుక నవ్వలేదు. అచ్చం మేనమామలాగే నడుం మీద చేతులు పెట్టుకుని "మళ్ళీ" అంది. పదోసారికి వదిన వీపు కింద బట్టలు మెత్తగా చప్పుడు చేశాయి. నొప్పి తెలియలేదు. ఆవిడకు తన ఒంటి మీద తనకే గౌరవం కలిగింది.

"ఇప్పుడు నేను కాలు లేపుతా. తగలకముందే పడాలి. తొందరపడి ముందే పడకూడదు, తెలిసిందా?"

"తెలిసింది."

ఒకటి, రెండు, తిప్పు. వదిన కళ్ళు ఆ చిన్న పాదాన్ని పట్టుకున్నాయి. నాలుగు. మొహానికి జానెడు దూరంలో పాదం ఆగింది. వదిన తల విసిరి బట్టల మీద పడింది.

లేచి చూస్తే పిచ్చుక కదలకుండా నిలబడి ఉంది. తను ఏం చేసిందో అప్పుడే తెలిసినట్టుంది.

"తగిలిందా?"

"లేదు. ఎక్కడ ఆపావో చూస్తూనే ఉన్నా."

"మళ్ళీ తగిలితే?"

"తగలచ్చు. అందుకే ఎదురుగా ఉన్నవాళ్ళకీ రెండు కళ్ళు ఉన్నాయి కదమ్మా. నువ్వొక్కదానివే చూసుకోవాలా? నేనూ చూస్తుంటా."

పిచ్చుక వంగి, ఊడిపడ్డ పిన్నీసు ఒకటి తీసి ఇచ్చింది. తర్వాత నెమ్మదిగా, ముసుగు కట్టుకుని బయటికి వస్తావా అని అడిగింది.

వాళ్ళిద్దరూ చెయ్యి పట్టుకుని వస్తుంటే భోజనాల దగ్గర అందరూ తినడం ఆపి చూశారు. ముసుగులో ఉన్నదెవరో మరిదికి తెలిసేసరికి కాసేపు పట్టింది. మాస్టారికి మాత్రం నడక చూడగానే తెలిసింది. లేచి అడ్డం వచ్చాడు. వయసు నలభై ఆరనీ, నిరుడే నడుం పట్టేసి వారం మంచం మీద ఉందనీ మెల్లగా గుర్తుచేశాడు.

"తిప్పు తర్వాత నాలుగు. నాలుగుకి ఎడమకి పడాలి. అవునా?" అంది వదిన.

ఆయన వెళ్ళి ఉన్న పరుపులన్నీ తెచ్చి, ఒకదాని మీద ఒకటి తనే పేర్చాడు. కెమెరా పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చాడు.

మొదటిసారి వదిన కంగారులో కాలు లేవకముందే పడిపోయింది. రెండోసారి ముసుగు జారి ఒక కన్ను మూసుకుపోయింది. "ఆగు, అత్తయ్యకి కనపట్లేదు" అని పిచ్చుకే గట్టిగా అరిచి షాటు ఆపింది, వెళ్ళి ముసుగు సరిచేసింది. మూడోసారి పాదం జానెడులో ఆగింది, వదిన పరుపు దాటి కూడా దొర్లింది. కెమెరా పెద్దాయన బొటనవేలు చూపించాడు. మరిది ఇంకోటి, ఇంకోటి అంటూ సాయంత్రం దాకా ఆవిడను తొమ్మిదిసార్లు పడేశాడు.

తర్వాతి శనివారం పీపా పట్టీ లేకుండా వచ్చాడు. ఈసారి జోకులేమీ వేయలేదు. పిచ్చుకే ఆయన దగ్గరికెళ్ళి, ముక్కును దగ్గరగా చూసి, నొప్పి ఉందా అని అడిగింది. ముట్టుకుంటే కొంచెం ఉందని ఆయన నిజమే చెప్పాడు.

"బాబాయ్, నా కాలు చూస్తూ ఉంటావా?"

"రెండు కళ్ళూ దానిమీదే, తల్లీ."

చివరి ఫైటు ఆ రెండు రోజుల్లో అయిపోయింది. వదిన రెండు రోజులు కూర్చోలేక మిగతా బట్టలన్నీ నిలబడి చేత్తో కుట్టింది. తుంటి మీద వంకాయంత నల్లటి మచ్చ తేలితే మాస్టారు మందు రాస్తూ, పడ్డాక చెయ్యి ఆలస్యంగా కొడుతున్నావని తప్పులెంచాడు. ఆయన తప్పులెంచేది పనికొస్తారనుకున్న వాళ్ళకే అని ఆవిడకు తెలుసు కాబట్టి కిమ్మనకుండా విన్నది.

సినిమాను ఓ బడి హాల్లో వేసిన రోజున వదిన, మాస్టారు వెనక వరసలో కూర్చున్నారు. దొంగలు రెండోసారి వచ్చినప్పుడు పిల్లలు మామూలుగానే నవ్వారు. ముందు వరస పిల్లాడొకడు లేచి నిలబడి, వదులు పైజామా దొంగే అందరికంటే బాగా పడుతున్నాడని పక్కవాడికి చెప్పాడు. మాస్టారు తెర మీంచి చూపు తిప్పలేదు, కానీ మీసం కదిలింది.

వారం తిరక్కుండానే మరిది ఏడో సినిమాకు జాబితా రాసుకొచ్చాడు. ముసుగు దొంగలు అయిదుగురని ఉంది. అయిదోవాడెవడని వదిన అడిగితే మరిది అన్న వంక చూశాడు. మాస్టారు కొలత టేపు తీసుకుని ఆవిడ దగ్గరికొచ్చాడు. పన్నెండేళ్ళలో ఆవిడ కొలత ఎవరూ తీసుకోలేదు. ఆయన టేపు తలకిందులుగా పట్టుకుని, తిప్పుకుని, నడుం చుట్టూ వేసి, అంకె పైకి చదవబోయాడు.

"గట్టిగా చెప్పకండి, రాసుకోండి చాలు" అంది వదిన.