తొండం ఎవలతోని పలిగింది

పోయినేడు మా వినాయకుని తొండం పలిగింది. ఆ ఒక్క పర్రె మీద మా ఇంట్ల ఏడాది పొడుగూ లొల్లే.

జర మొదటికెల్లి చెప్త. మాది ధూల్‌పేట్. మా గల్లీల ఏ ఇంటి ముందట చూసినా వినాయకులే కూసొని ఉంటరు. చానామంది ప్లాస్టర్‌తోని పోస్తరు. మా కోడలు స్వరూప మాత్రం మట్టితోనే చేస్తది. గడ్డి చుట్టి, మట్టి మెత్తి, నీడకు ఆరబెట్టి, ఒక్కొక్క విగ్రహానికి నెల దాటుతది. ఆమె చేసేటియన్నిట్ల పెద్దది సంతోష్‌నగర్ల ఒక కాలనీకి పోతది. మూడడుగులుంటది. ఆ కాలనీల పురుషోత్తం సేట్ అని, గిన్నెల దుకాణమాయన, మట్టి విగ్రహమే పెట్టాలె అని అందరితోని కొట్లాడి మాకు చెప్పిండు. ఆ ఒక్కటి చూసి పక్క కాలనీలోళ్లు ఏడుగురు వచ్చిన్రు. గట్ల మా స్వరూప సంచులు కుట్టుడు బంద్ చేసి విగ్రహాల మీదనే నిలబడ్డది.

గసుంటి విగ్రహం, పోయినేడు సేట్ ఇంటి ముందట దించంగ చూస్తే తొండం వంపు కాడ వెంట్రుకంత పర్రె. హారతి అయ్యేటాల్లకు అది వేలంత అయింది. స్వరూప తడిమట్టి పెట్టి పూసింది గాని, ఆమె మొకం చూడలేకపోయిన.

ఆ దినం బండి నడిపింది నా తమ్ముడు గుండయ్య. అరవై ఎనిమిదేండ్లు ఆయనకు. ముప్పై అయిదేండ్ల సంది స్టీరింగు మీదనే బతికిండు. వ్యాను గూడ ఆయనదే, పెట్రోలుది, వెనుక సీట్లు తీసేసి విగ్రహాలకని ఖాళీ చేసిండు. ఆ దినం ఇంటికొచ్చినంక నా కొడుకు ప్రేమ్‌రాజ్ కోపంల ఒక మాట అన్నడు. "మామా, నీ కాలు ముసలిదైంది. బ్రేకు ఎట్ల తొక్కాల్నో మర్చినవ్" అన్నడు. గుండయ్య ఏమనలే. చెప్పులేసుకొని పోయిండు. గసుంటి మాట అనంగనే నోరు మూసుకునే మనిషి కాడు నా తమ్ముడు. చిన్నప్పుడు మా నాయిన కొట్టినా జవాబు చెప్పేటోడు.

నేనూ ఏమనలే. ఎందుకనలేదో తర్వాత చెప్త.

ఇగ ఈ ఏడాది ఎండలు మొదలుకాంగనే ప్రేమ్‌రాజ్ కొత్త పాట ఎత్తుకున్నడు. పాత వ్యాను తీసేద్దాం, కరెంటు బండి తెద్దాం. వాని దోస్తు జోయెల్ అని ఛత్రినాక పిలగాడు, పోయిన క్రిస్మస్‌కు కరెంటు వ్యాను కొన్నడు, పార్సిళ్లు వేస్తడు. దినాం పొద్దుమీకి మా ఇంటి ముందటి గద్దె మీద చాయ్ కాడ ఇదే ముచ్చట. గుండయ్య గూడ వస్తుండె. కొట్లాడెటందుకన్నా వస్తుండె, నాకదే సంతోషం.

"మామా, పెట్రోలు కాలం అయిపోయింది. దునియా అంతా మారుతున్నది" అంటడు ప్రేమ్.

"దునియా మారనీ. నువ్వు మారినవా? రోజు ఫోను ఛార్జింగు పెట్టుడే మర్చిపోయి తెల్లారి నా ఫోను అడుక్కుంటవు. నువ్వు బండికి పెడ్తవారా?"

జోయెల్ చాయ్ పొలమారేదాంక నవ్విండు.

"పొగ రాదు మామా. నీ వ్యాను పొగకు అమ్మ దగ్గుతది చూడు."

"మీ అమ్మ కట్టెల పొయ్యి కాడ నలభై ఏండ్లు దగ్గింది, అప్పుడు యాడ పోయినవ్? అయినా ఆ కరెంటు యాడికెల్లి వస్తది? బొగ్గు కాలిస్తెనే గదా? ఇక్కడ లేచే పొగ గా బొగ్గు కాలిచే ఊర్ల లేస్తది. ఆడ ఉన్నోళ్లు మనుషులు కారా?"

జోయెల్ అందుకున్నడు. "ఎండతోని గూడ వస్తున్నది బాపూ. ఇప్పుడు కొంత అయింది, రేపు ఇంక ఎక్కువ అయితది."

"అయినప్పుడు చెప్పు, అప్పుడు కొంట. బండంటే అరవాలె బిడ్డా, అరవని దానికి బలం ఉండదు. అరవని బండి దొంగ లెక్క వస్తది మనిషి మీదికి."

"మరి నీ వ్యాను అరుస్తదే గాని సెల్ఫ్ పడదు గదా మామా" అన్నడు ప్రేమ్. "ఒకసారి బంద్ చేస్తే నలుగురు నూకాలె. అందుకే జామ్‌ల గూడ ఇంజను చాలు పెట్టి ఉంచుతవు."

"నూకెటందుకు నలుగురు మనుషులున్నరు నాకు. నీ దానికి కరెంటు పోతే ఎవలు నూకుతరు?"

నేను ఆ రెండు దిక్కులా నవ్విన. నాకు బండ్ల గురించి తెల్వదనుకుంటరు గాని, నేను టాంగా ఎక్కిన, సైకిల్ రిక్షా ఎక్కిన, ముందట ముక్కున్న ఆటో ఎక్కిన, డబుల్ డెక్కర్ బస్సు పైన ముందు సీటు కోసం పిలగాండ్లతోని కొట్లాడిన. టాంగా పోయినప్పుడు అందరు అయ్యో అన్నరు, గుర్రం పెండ కంపు పోయిందని మాత్రం ఎవలు చెప్పలే. గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు మా అత్త ఆర్నెల్లు దాని పక్కకు పోలే, పేలుతదని. ఏడో నెల నుంచి నన్ను దాని పక్కకు రానియ్యలే. కొత్తది వస్తే ముందు తిడ్తం, తర్వాత అది మనదే అంటం. నాకు దానితోని భయం లేదు. నాకున్న భయం ఒక్కటే, బండి పోతే నా తమ్ముడు ఏమైతడో అని.

పండుగ పదిరోజులున్నదనంగ పురుషోత్తం సేట్ వచ్చిండు. విగ్రహం చుట్టూ తిరిగి చూసిండు. తొండం కాడ ఆగిండు.

"రాజమణమ్మా, కోడలి చేతికి వంక పెట్టేది లేదు. కానీ మా కాలనీల మళ్ల ప్లాస్టర్ లొల్లి మొదలైంది. మట్టిది దారిలనే పలుగుతదంటున్నరు. ఈసారి గనక పలిగితే నేను గూడ నోరెత్తలేను" అన్నడు.

సేట్ పోయినంక స్వరూప ఆ తొండం వంపు కాడ వేలుతోని తడిమి చూసింది. ఈ ఒక్కటి పలిగితే ఆ ఏడుగురు గూడ రారని నాకు తెల్సు, ఆమెకూ తెల్సు. మూలకు కుట్టుమిషిన్ ఉన్నది, దాని మీద పాత చీర కప్పి ఉన్నది. ఆమె దాని దిక్కు చూడకుంట చూసింది.

చవితికి ముందురోజు పొద్దుగాల మా గల్లీల రెండు వ్యాన్లు నిలబడ్డయి. ఒకటి గుండయ్యది. కడిగి, బంతిపూల దండేసి తెచ్చిండు. ఇంకోటి జోయెల్‌ది, ప్రేమ్ పిలిచిండు. రెండిటి నడుమ పీట మీద వినాయకుడు. చుట్టూ గల్లీ జనం, తలా ఒక సలహా.

"ఈ తొండాన్ని నేను తీస్కపోత. నా మీద పడ్డ మాట నేనే కడుక్కోవాలె" అన్నడు గుండయ్య.

"మామా, ఈ దినం వద్దు. జోయెల్ తీస్కపోతడు."

"నా కాలు ముసలిదైందని గదా?"

"నేను గట్ల అనలే."

"అన్నవు. పోయినేడు ఇదే గద్దె మీద అన్నవు."

స్వరూప మట్టి చేతులతోనే నడుమల నిలబడ్డది. "మీరిద్దరు తర్వాత కొట్లాడుండ్రి మామా. నాకు తొండం కావాలె. ఏదన్న ఒక్క బండి చెప్పుండ్రి." అని నా దిక్కు చూసింది. "అత్తమ్మా, మీరు చెప్పుండ్రి."

అందరు నా దిక్కే చూసిన్రు.

నేను ఏం చెప్పాల్నో తెల్వక గుండయ్య వ్యాను కాడికి పోయిన. ఇంజను చాలుగనే ఉన్నది, బంద్ చేస్తే మళ్ల నూకాలె గదా. వెనుక తలుపు మీద చెయ్యి పెట్టిన. పెట్టంగనే ఆ రేకు వణుకు నా చేతికెక్కింది. ఆ వణుకు నాకు తెల్సు. ఏడాది సంది తెల్సు.

ఇగ ఇప్పుడు చెప్త, ఎందుకు నోరు మూసుకున్ననో. పోయినేడు విగ్రహం పక్కన వ్యానుల కూసున్నది నేనే. తొండం కింద అరచెయ్యి పెట్టుకొని కూసున్న, కుదుపు తగలొద్దని. షాలిబండ మిట్ట ఎక్కుడు కాడ ముప్పావు గంట జామ్. కదలలే బండి. కదలకున్నా నా చెయ్యి వణుకుతనే ఉన్నది, సన్నగ, ఆగకుంట. నాకు డెబ్బై రెండేండ్లు. ఇగ నాకు చేతుల వణుకు వచ్చిందనుకున్న. ఆ వణుకే తొండాన్ని పలగ్గొట్టిందనుకున్న. ఇంటికొచ్చినంక తమ్ముణ్ణి తిడ్తుంటే నేనే అని చెప్పబుద్ధి కాలే. చెప్తే మరుసటేడు నన్ను విగ్రహం ముట్టనియ్యరని భయమైంది. గింత ముచ్చట్లు చెప్పే నేను, ఆ ఒక్క ముచ్చట మింగిన.

నేను ఇంట్లకు పోయి ఇత్తడి చెంబుల అంచుదాంక నీళ్లు పట్టుకొచ్చిన. గుండయ్య వ్యానుల నేల మీద పెట్టి చేతులు తీసిన.

"చూడుండ్రి."

బండి కదలలే. ఎవలు ముట్టలే. చెంబుల నీళ్లు మాత్రం సన్నగ వణుకుతున్నయి, ఒక వలయం మీద ఇంకో వలయం. జర సేపటికి అంచు దాటి ఒక బొట్టు కిందికి జారింది.

అదే చెంబు తీసి జోయెల్ వ్యానుల పెట్టిన. "చాలు చెయ్యి బిడ్డా."

"చాలుగనే ఉన్నదమ్మా."

నీళ్లు అద్దం లెక్క ఉన్నయి. అందుల నా ముక్కుపోగు కనిపించింది.

అప్పుడు చెప్పిన అందరి ముందట. జామ్ గురించి, నా చెయ్యి గురించి, ఏడాది మింగిన ముచ్చట గురించి. "గుండయ్యా, నీ కాలు కాదురా. నా చెయ్యి గూడ కాదు. ఆ ముప్పావు గంట బండి నిలబడే ఊపింది. ఎండిన మట్టికి ఒక్క కుదుపు తట్టుకునే బలం ఉంటది గాని, గంతసేపు వణుకు తట్టుకోదు."

స్వరూప తల ఊపింది. "అవునత్తమ్మా. ఆ పర్రె దెబ్బకు పలిగినట్టు లేకుండె. నేనప్పుడే అనుకున్న."

గుండయ్య తన వ్యాను దిక్కు చూసిండు. ఆ బండితోనే ఇద్దరు బిడ్డల పెండ్లి చేసిండు. కాలు గెలవాలంటే బండి ఓడాలె, అది ఆయనకు అర్థమైంది. పోయి తాళం తిప్పి ఇంజను బంద్ చేసిండు. గల్లీ ఒక్కసారే సప్పుడు లేకుంట అయింది.

ప్రేమ్‌రాజ్ మామ ముందట నిలబడ్డడు. "తప్పైంది మామా."

"తప్పు గాదు, నోరు. మీ నాయినది వచ్చింది నీకు" అన్నడు గుండయ్య. అని జోయెల్ దిక్కు తిరిగి, "నడుపు చూస్త" అన్నడు.

జోయెల్ కాలు పెట్టిండో లేదో, బండి ముందుకు దుంకింది. చెంబు బోర్ల పడ్డది. గల్లీ అంతా హో అని అరిసింది.

"దిగు బిడ్డా, దిగు. ఇదేం బండిరా, కట్టేసిన మేకను ఇడిసినట్టు ఉరుకుతున్నది! దీనికి బలం లేదని ఎవలన్నరు?"

"నువ్వే అన్నవు మామా" అన్నడు ప్రేమ్.

"నోర్ముయ్. కాలు గట్ల కాదు. పావురాన్ని పట్టుకున్నట్టు పెట్టాలె."

గుండయ్య ఎక్కిండు. చెంబు మళ్ల నింపి వెనుక పెట్టిన. గల్లీ ఆ చివర్దాంక పోయి వచ్చిండు, సగం చెంబు ఒలికింది. రెండోసారి నాలుగు బొట్లు. మూడోసారి వచ్చి బండి ఆపి, వెనుకకు తిరిగి చూడకుంటనే అడిగిండు. "అక్కా, ఎన్ని?"

"ఒక్కటి గూడ లేదురా."

విగ్రహం ఎక్కించినం. బొంతల నడుమ వినాయకుడు, పక్కన నేను, తొండం కింద నా అరచెయ్యి. జోయెల్ ముందట గుండయ్య పక్కన కూసొని బటన్లు చెప్తున్నడు, గుండయ్య ఇననట్టే ఇంటున్నడు. షాలిబండ ఎక్కుడు కాడ మళ్ల జామ్, పోయినేటి లెక్కనే. బండి ఆగింది. నేను నా చెయ్యి దిక్కు చూసిన. రాయి లెక్క ఉన్నది. ఏడాదిల ఎప్పుడు గింత నిమ్మలంగ లేకుండె. పక్కన జామకాయలమ్మే ఆయన బేరం, నా గాజుల సప్పుడు, అన్ని వినొస్తున్నయి.

"అక్కా, బండి నడుస్తున్నదా, బంద్ అయిందా?" అని అడిగిండు గుండయ్య, జర భయంగనే.

"నడుస్తున్నది బాపూ" అన్నడు జోయెల్. "కదులుమంటే కదులుతది."

ముందటి బస్సు కదిలింది. గుండయ్య కాలు పెట్టిండు. ఆ ఎక్కుడు మీదికి, గంత బరువుతోని, మేము ఎక్కినమా అని నాకే తెల్వనట్టు ఎక్కినం.

సేట్ వాకిట్ల దించినంక ఆయన అద్దాలు పెట్టుకొని తొండం మొదటికెల్లి కొసదాంక వేలు తిప్పి చూసిండు. మళ్ల ఒకసారి చూసిండు. చుట్టూ నిలబడ్డ కాలనీవాళ్ల దిక్కు తిరిగి, "ఇగ ఎవలన్న ప్లాస్టర్ అన్నరా?" అన్నడు గట్టిగ. వెనుక బైకు మీద వచ్చిన స్వరూప అక్కడ్నే మెట్ల మీద కూసొని కొంగుతోని మొకం తుడ్చుకున్నది. అది చెమటో ఏందో నేను అడగలే.

బొగ్గు ఊరోళ్ల ముచ్చట మాత్రం ఇంక తెగలేదు. గుండయ్య ఇప్పటికీ అడుగుతనే ఉన్నడు, ప్రేమ్ ఇప్పటికీ ఎండ, ఎండ అంటనే ఉన్నడు. అడగవలసిన మాటనే అది, అడగనీ. కానీ నెలాఖరుకు మా గల్లీలకు మా సొంత కరెంటు వ్యాను వచ్చింది. పాతదానికున్న బంతిపూల దండ, ఎండిపోయినా సరే, తీసి కొత్తదానికి వేసిండు గుండయ్య. గోడ కాడ ఛార్జింగు పాయింటు పెట్టించినంక ప్రేమ్ తీగ కోసం చెయ్యి చాపిండు, బండికి నేను పెడ్త అని.

"జరుగు" అన్నడు గుండయ్య. "ఫోనుకు పెట్టుడే రాదు నీకు. ఈ డ్యూటీ నాది."