అప్‌సెట్ అనే మాటకు ఏడో కార్డు

అన్న చేతిలోని కాగితం మీద ఉన్న వాక్యం తనదేనని కార్డులమ్మకు మొదటి చూపులోనే తెలిసిపోయింది.

"రెండువందల పన్నెండో బోల్టు. ఈ రోజు నా మనసు కుదురుగా లేదు."

అన్న అంత చక్కటి వాక్యం రాసే మనిషి కాదు. ఆ పొందిక, 'కుదురుగా' అన్న ఆ మాట, అన్నీ ఆమెవే.

మధ్యాహ్నం రెండు కావస్తోంది. బయట పొద్దుటి నుంచీ వీడని మంచు. నిఘంటువు ఆఫీసు కిటికీల్లోంచి పాలవిరుగుడు లాంటి వెలుగు లోపలికి వచ్చి, వచ్చిన పని మరిచిపోయినట్టు గది మధ్యలో నిలబడింది. నాలుగు గోడలకూ చెక్క సొరుగులు. సొరుగుల నిండా కార్డులు. ప్రతి కార్డు మీదా ఒక ఇంగ్లిషు మాట, అది పుట్టిన తీరు, దానికి తెలుగు. పదకొండేళ్లుగా ఆ కార్డులు రాయడమే ఆమె పని. ఆఫీసులో ఆమె పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కార్డులమ్మే.

"ఇదేంటన్నయ్యా?"

"నన్నడుగుతావేంటి? చదువుకున్నదానివి నువ్వు." అన్న కుర్చీ చివర కూర్చున్నాడు, మసి చేతులు కార్డులకు తగలకుండా ఒళ్లో పెట్టుకుని. "నాలుగింటికి రేవులో ప్రమాదం మీద విచారణ కమిటీ. తప్పు నాదేనని దీని కింద సంతకం పెట్టమంటున్నారు. పెడితే ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత కేసు. పెట్టకపోతే ముందు కేసు, తర్వాత ఉద్యోగం. ఏది ముందు కావాలో చెప్పు, అది పెడతా."

"జోకులు తర్వాత. ఆ బోల్టు నువ్వు చేసిందా?"

మూడు వారాల కిందట రేవులో క్రేను బోల్టు తెగి, సరుకు పెట్టె కింద పడింది. ఒకతని కాలు నుజ్జయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కానీ బోల్టు చేసిన షెడ్డులో పదకొండు మంది కమ్మరులున్నారు. వాళ్లలో అన్న ఒకడు, అంతే అనుకుంది ఆమె.

"నేనే చేశా. అయిదు టన్నులకి చేయమన్నారు, అయిదు టన్నులకి చేశా. నీకు చెప్తే బెంగ పడతావని చెప్పలేదు."

ఆమె కాగితం మళ్లీ మొదట్నుంచి చదివింది.

ఆ షెడ్డులో ప్రతి కమ్మరీ తన పని డైరీ ఇంగ్లిషులో రాయాలి. అది యజమాని నియమం. వచ్చే మాటలు పది, రాసే పేజీలు నలభై. పోయిన వారం కమిటీ ఆ నలభై పేజీలూ టైపు కొట్టించి, పేరు తీసేసి, తెలుగు చేసి పెట్టమని ఈ ఆఫీసుకే పంపింది. ఆమె ఒక్క పూటలో చేసేసింది. అన్నీ అంకెలే, కొలతలే. మధ్య మధ్య ఒక అంకె పక్కన, మరే మాటా తోడు లేకుండా, 'అప్‌సెట్' అని. అలా ఎనిమిది చోట్ల. తొమ్మిదో చోట ఆ అంకె కూడా లేదు.

ఒంటరి మాటను చూసి ఆమెకు జాలేసింది. దానికి ముందొక మాట, వెనకొక మాట కూర్చి నిలబెట్టింది. పేరు తెలియని ఆ కమ్మరి మీద కూడా జాలేసింది. పాపం, ఎవరో, ఇన్నిసార్లు మనసు చెదిరినా సుత్తి వదల్లేదు అనుకుంది. రెండు మూడు రోజులు బస్సులో కూడా అతనే గుర్తొచ్చాడు. మంచులో తన నిప్పు తాను ఊదుకుంటూ, ఎవరితోనూ చెప్పుకోలేని మనిషి. ఆ మనిషి ఇప్పుడు ఎదురుగా కూర్చుని, ఆమె డబ్బాలో మిగిలిన మజ్జిగన్నం వైపు చూస్తున్నాడు.

"ఆ రోజు నీ మనసు బాగాలేదా?"

"ఎందుకు బాగోదు? బానే ఉంది."

"మరి అప్‌సెట్ అని ఎందుకు రాశావు?"

"చేశాను కాబట్టి రాశాను."

"ఏం చేశావు?"

"అప్‌సెట్." చెవిటివాళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పాడు అన్న. ఆమె పెన్సిల్ తీసి బల్ల మీద నిట్టనిలువుగా నిలబెట్టాడు. "ఇది కడ్డీ అనుకో. చివర ఎర్రగా కాలుస్తాం. ఇలా నిలబెట్టి నెత్తిన కొడతాం. పొడుగు తగ్గుతుంది, చివర లావెక్కుతుంది, పుట్టగొడుగులా. ఇక ఆ తల చచ్చినా ఊడదు. మా మిషన్ మీద రాసుండేది ఆ మాటే. పెద్ద బోల్టులకే చేస్తాం, చిన్నవాటికి అక్కర్లేదు."

"మరి ఇంట్లో వదిన అప్‌సెట్ అయ్యానంటే?"

"బాగా కాగి ఉందనుకుంటా. దగ్గరికి పోను." అన్న తల గోక్కున్నాడు. "ఏం, తప్పా? ఇరవై ఏళ్లుగా సరిగ్గానే సరిపోతోందే."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఈ వాక్యం రాసింది నేనేనన్నయ్యా," అంది. అన్న కాగితం వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "అదీ సంగతి. చదువుతుంటే మన అమ్మ మాట్లాడినట్టుంది," అన్నాడు చివరికి.

సొరుగు లాగింది. ఆ మాటకు ఆరు కార్డులున్నాయి. అన్నిటికన్నా పాత అర్థం, పైకెత్తి నిలబెట్టడం. మాట పుట్టుకే అది, 'అప్', 'సెట్' అని రెండు ముక్కలు అతికించినట్టు. ఆ తర్వాత బోర్లా పడేయడం, పడవనో బండినో. అప్పుడు మనసు. అప్పుడు కడుపు. వేలంపాటలో మొదటి ధర. గెలుస్తుందనుకున్న జట్టు ఓడిపోవడం. నిలబెట్టడానికి పుట్టిన మాట పడగొట్టడానికి బయల్దేరింది. ఆమెకు కళ్లు మూతపడ్డాయేమో. మంచులో ఒక పడవ తోక మీద నిలబడి ఉంది, దాని నెత్తిన ఎవరో మెల్లగా కొడుతున్నారు, దెబ్బ దెబ్బకూ అది పొట్టిగా, లావుగా అవుతోంది, అయినా మునగడం లేదు. కొట్టేది తనే.

"ఏడోది వెతుకుతున్నావా?"

పెద్దాయన. ఈ నిఘంటువు మొదలుపెట్టిన మనిషి. తన కర్ర చప్పుడు తనకే వినపడనంత మెత్తగా నడుస్తాడు. గది మూలన ఉన్న సొరుగు తీశాడు. దాని మీద 'పక్కన పెట్టినవి' అని రాసుంది. పసుపెక్కిన కార్డొకటి బయటికొచ్చింది, ఆయన చేతిరాతే. కమ్మరుల మాట. కడ్డీ చివర కాల్చి కొట్టడం. తెలుగు దొరకలేదు.

"ఎన్నేళ్లయిందండీ ఇది ఇక్కడ పడుండి?"

"నా జుట్టు నల్లగా ఉన్నప్పటిది. కమ్మరినెవరినైనా అడగాలనుకున్నా. మర్చిపోయా."

ఏడు కార్డులూ సంచిలో వేసుకుంది. గాలికి ఎగరకుండా, అలవాటు ప్రకారం, బల్ల మీది ఇనప బరువు కూడా వేసుకుంది. గుండ్రటి తల ఉన్న జానెడు ముక్క. రెండు నెలల కిందట అన్న తెచ్చిచ్చాడు. బస్సు మంచులో ఈదుకుంటూ వెళ్లింది. రేవు ఎక్కడ మొదలైందో, రోడ్డు ఎక్కడ ఆగిందో తెలియలేదు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక రిటైరైన జడ్జిగారు. పక్కన షెడ్డు యజమాని, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నాడు. అంతా అయిపోయినట్టు కలం మూత తీసి అన్న వైపు జరిపి పెట్టాడు.

"సంతకం పెట్టడండీ," అంది ఆమె. "ఆ తెలుగు తప్పు."

"ఎవరు చేశారమ్మా ఆ తెలుగు?"

"నేనే."

జడ్జిగారు కళ్లజోడు సవరించుకున్నారు. ఆమె కార్డులు పరిచి చెప్పుకుపోయింది. ఆయన ఓపిగ్గా విన్నారు. విన్నాక ఒక్క ప్రశ్న వేశారు. "ఇతను మీకేమవుతారు?"

"అన్నయ్య."

యజమాని నవ్వాడు. "అదండీ విషయం. అన్నని కాపాడ్డానికి చెల్లెలు కొత్త అర్థం పుట్టించింది. రేపు 'దొంగతనం' అంటే దానం అంటుంది. నా షెడ్డులో నాకు తెలీని మాటుంటుందా? అప్‌సెట్ అంటే మనసు బాగోకపోవడం. రోడ్డు మీద ఎవర్నడిగినా చెప్తారు."

జడ్జిగారు డైరీ కాగితాలు తిరగేస్తున్నారు. "సరేనమ్మా, మీరన్న అర్థమే అనుకుందాం. ఎనిమిది చోట్ల ఈ మాట బోల్టు నంబరు పక్కన ఉంది. ఒక్కచోట నంబరు లేదు. ఉత్త మాటే ఉంది. నంబరు లేకుండా దేన్ని కొట్టాడమ్మా మీ అన్నయ్య?"

ఆమె అన్న వైపు తిరిగింది. అన్న మొహం కొలిమి ఆరినట్టయింది. తల వంచుకున్నాడు.

"చూశారా," అన్నాడు యజమాని.

"చెప్పన్నయ్యా."

"చెప్తే ఉద్యోగం పోతుందే."

"చెప్పకపోతే జైలుకు పోతావు."

 అన్న ఆమె సంచిలోకి చెయ్యి పెట్టి, అడుగున ఉన్న ఇనప బరువు తీసి బల్ల మీద నిలబెట్టాడు. "ఇది. కిటికీ తీస్తే కార్డులెగిరిపోతున్నాయని మా చెల్లెలు ఒకటే గోల. తుక్కులోంచి ముక్క తీసి చేశా. పుస్తకంలో రాయకపోతే మనసొప్పలేదు. నంబరెక్కడిది, అమ్మేది కాదుగా."

యజమాని కుర్చీలోంచి లేచాడు. మడతలు నలిగాయి. "అది నా ఇనుమండీ! నా షెడ్డుదే! ఆ తల చూడండి, నా మిషన్ మీద అప్‌సెట్ చేసిందే అది, ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గరుందండీ ఆ మిషన్?"

 దూరంగా మంచులో ఎక్కడో పడవ కూత ఒకటి మొదలై, సగంలో మనసు మార్చుకుంది.

"మిషన్ మీద ఏం చేసిందన్నారు?" అడిగారు జడ్జిగారు, చాలా మెత్తగా.

యజమాని నలిగిన మడతలు సవరించుకోసాగాడు.

"ఇందాక రోడ్డు మీద వాళ్లనడగమన్నారు. అడగక్కర్లేకుండా మీరే చెప్పారు." జడ్జిగారు ఇనప ముక్క చేతిలోకి తీసుకుని, బొటనవేలితో దాని తల తడిమారు. "మీకు ఈ అర్థం మొదట్నుంచీ తెలుసు. తెలిసీ ఇతన్ని సంతకం పెట్టనిస్తున్నారు. ఎందుకో నాకు అర్థం కావాలి. ఆ బోల్టు ఎన్ని టన్నులకి చేయించారు, ఎన్ని టన్నులకని రేవుకి అమ్మారు, ఆ రెండు కాగితాలూ నాకు కావాలి. మీరు కూర్చోండి. కాగితాలు తేవడానికి మా మనిషి వెళ్తాడు."

సంతకం కాగితం జడ్జిగారి చేతిలో నాలుగు ముక్కలైంది. ఇనప ముక్కని ఆయన అన్నకివ్వలేదు, ఆమెకిచ్చారు. "తుక్కు తీసేముందు ఇకనైనా అడిగి తీసుకోమని చెప్పండి," అన్నారు.

బయట మంచు పలచబడుతోంది. క్రేన్ల తలలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. అన్నాచెల్లెళ్లు రేవు మెట్ల మీద కూర్చున్నారు.

"నన్ను తిట్టవా?" అంది ఆమె.

"దేనికి?"

"నిన్ను ముంచబోయాను కదా."

"కొట్టావులే గానీ, ముంచలేదు." అన్న నీళ్లకేసి చూస్తూ అన్నాడు. "ఒక్కటడుగుతా. ఆ డైరీలో వాడెవడో, మనసు బాగోలేదని తొమ్మిదిసార్లు రాసుకున్నాడే. వాణ్ణి చూసి జాలేసిందా నీకు?"

"చాలా."

"ఆ జాలి నాకివ్వు. ఈ మూడు వారాలూ వాడు నేనే."

ఆమె అతని భుజానికి తలానించింది. కాసేపటికి పసుపెక్కిన కార్డు తీసి ఒళ్లో పెట్టుకుంది. 'తెలుగు దొరకలేదు' అన్నది కొట్టేసి, పక్కన 'లావెక్కించడం' అని రాసింది. గాలి వచ్చింది. కార్డు మీద ఇనప ముక్క నిలబెట్టి, దాని పక్క నుంచే, ఉదాహరణ రాసే చోట, పెన్సిల్ జరుపుకుంటూ రాసింది.

"రెండువందల పన్నెండో బోల్టు. ఈ రోజు దాని చివర లావెక్కించాను."