మాణిక్యాంబగారి చీటీ

నేను ఒక పాత శుభలేఖ ముక్కను. ఎవరి పెళ్లిదో అడక్కండి, వెనకవైపు పెళ్లికూతురి పేరు సగమే మిగిలింది. నన్ను కత్తిరించింది మచిలీపట్నంలో మాణిక్యాంబగారు. వాళ్లాయన సుందరరామయ్యగారు ఇంగ్లీషు మేష్టారు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు చెప్పే నిఘంటువు రాస్తున్నారు. మాటకో చీటీ. వేల చీటీలు, అన్నీ ఆవిడ కత్తిరించినవే.

నా నెత్తిన ‘ఫ్రాతీ’ అని రాశారు. నురుగుతో నిండినదని భావం. ఉత్తర సముద్రాల మీద తిరిగిన నావికుల పాతభాషలోంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. అదీ రాశారు. తెలుగు మాట దగ్గర మాత్రం ఖాళీ వదిలేశారు. మేష్టారిదో పట్టుదల. మాటను జనం నోట వినాలి, అన్నవారి పేరు కింద రాయాలి. చేపలమ్మే పోలేరమ్మ పేరు ఏడు చీటీల మీద ఉంది.

“ఏమండీ, ఒక్క చీటీ మీదైనా నా పేరు రాయకూడదూ?” అని అడిగేవారు ఆవిడ.

“ఇంట్లో మాట లెక్కలోకి రాదే, మాణిక్యం. పెళ్లాం మాటలు ఎక్కించానని నవ్వుతారు.”

ఆవిడే నవ్వేసి, కాఫీ తిరగబోసి తెచ్చేవారు. “ఇదిగో, నురగలు నురగలుగా కలిపాను. చల్లారకముందే తాగండి.” రోజూ అదే మాట. ఇదేం చోద్యమో, నాకు వినబడేది, ఆయనకు వినబడేది కాదు! ఆ కాఫీయే తాగి, సంచీ తగిలించుకుని, నాకో తెలుగు మాట కోసం చేపలరేవు దాకా వెళ్లేవారు. చివరికి దొరకలేదని నన్ను పక్కన పడేసి, మిగతా చీటీలు అచ్చుకిచ్చేశారు.

ఆ నెలలోనే ఆవిడకు జ్వరం తగిలింది. నాలుగు రోజుల్లో పోయారు.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున మేష్టారు తనే కాఫీ కలుపుకున్నారు. ఎంత తిరగబోసినా వట్టి నీళ్లలా ఉంది. “నురగలు నురగలుగా ఎలా కలిపేదానివే...” అంటూ ఆగిపోయారు. నన్ను వెతికి తీసి, ఆ మాట రాశారు. కింద ‘మాణిక్యాంబ’ అని రాశారు. నాకు ఏడుపాగలేదు.

అచ్చాఫీసుకు పరుగెత్తారు. “పుస్తకం కుట్టడం కూడా అయిపోయింది, మేష్టారూ” అన్నారు వాళ్లు.

మిగతా చీటీలు పాతకాగితాల బస్తాలోకి పోయాయి. నేను ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాను. పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని నన్ను చూస్తారు.

“మాణిక్యం, ఒక్కసారి అనవే. ఈసారి వింటాను” అంటారు.

ఆ మాట నా మీదే ఉంది. అనడానికి నాకు నోరు లేదు.