వుబ్బో తొట్టి

వుబ్బో బూట్లకంటిన మట్టిని ఇనుపరేకు అంచుకు గీకుతుండగానే విద్యార్థులు సైకిళ్ల మీద వచ్చేశారు. డచ్ దేశంలోని గ్రోనింగెన్ బంకనేలలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన కొలువు ఒక్కటే. విశ్వవిద్యాలయం పొలంలో ట్రాక్టర్ నడపడం, చదువుకోవడానికొచ్చిన కుర్రకారుకు మట్టిని చేత్తో పట్టి చూడడం నేర్పడం. పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగిన భుజాలు, ఎన్నిసార్లు కడిగినా గోళ్లలో వదలని నల్లటి గీత. ఇవాళ మధ్యాహ్నం కాఫీ వేళకు కేకు కోసి ఆయన్ని కొలువు నుంచి సాగనంపుతారు.

కేకు మాట అటుంచితే, రేపటి నుంచి నేల తడిగా ఉన్నప్పుడు ఈ పిల్లలకు వద్దని చెప్పేదెవరన్నదే ఆయన బెంగ.

పొలం మధ్య ఒక పట్టీలో ఇప్పటికీ వాననీళ్లు ఇంకవు. పదకొండేళ్ల క్రితం పైన తెల్లగా ఆరిన నేలను చూసి, ప్రొఫెసర్ తొందరపెడితే, వుబ్బో అక్కడ ట్రాక్టర్ దించాడు. అడుగున తడిమట్టి అణిగి గట్టిపడిపోయింది. పిల్లలు దానికి ‘వుబ్బో తొట్టి’ అని పేరు పెట్టారు. ఏటా కొత్తవాళ్లకు దాన్ని ఆయనే చూపించి, ముందుగా ఆయనే నవ్వుతాడు.

ఇవాళ బార్లీ విత్తాలి. అది యోరిండె ప్రయోగం, ఆ అమ్మాయి డిగ్రీ దాని మీదే ఆధారపడి ఉంది. ఎల్లుండి నుంచి వారం రోజులు వానట. పైన నేల తెల్లగా, పొడిగా కనిపిస్తోంది. తోటివాళ్లంతా కానిమ్మంటున్నారు. వుబ్బో ట్రాక్టర్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఆమే తేల్చుకోనీ అని పక్కకు జరిగాడు. అలా ఊరుకోవడం ఆయనకు ప్రాణసంకటంగా ఉంది.

యోరిండె ట్రాక్టర్ మెట్టెక్కి ఆగింది. కిందికి దిగి, ఆయన పార అడిగింది. జానెడు లోతు తవ్వి, చేతి తొడుగులు తీసి, అడుగు మట్టిని అరచేతుల మధ్య నలిపింది. అది పొడిగా విరగలేదు, పురికొసలా సాగింది.

"ఇవాళ వద్దు," అంది.

"వాన పట్టుకుంటే రెండు వారాలు పోతాయే," అన్నాడు ఆమె స్నేహితుడు టియార్క్.

"పోనీ. నా పేరున కూడా ఓ తొట్టి ఎందుకురా?"

అందరూ నవ్వారు. వుబ్బో మాత్రం ముక్కు తుడుచుకుంటూ పక్కకు తిరిగాడు. ఆయనకు అంత సంతోషం కలిగి చాలా కాలమైంది.

"పార నీ దగ్గరే ఉంచుకో అమ్మాయ్. కడక్కుండా మాత్రం లోపల పెట్టకు," అన్నాడు.

కేకు కోసేవేళకు వెతికితే ఆయనా లేడు, ఆయన సైకిలూ లేదు. పొలం అంచున, యోరిండె గుచ్చిన చోటే పార నిలబడి ఉంది. దానికంటిన మట్టి పైపైన తెల్లబడుతోంది, లోపల ఇంకా తడిగానే ఉంది.