నలభయ్యో ఫొటో

బస్సుల మాస్టారు వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పాడంటే దాహమేసిందని కాదు, ఏదో బస్సును గుర్తుపట్టలేకపోయాడని అర్థం. నీళ్ళ చప్పుడులో తన గుసగుస హాల్లోకి వినబడదని ఆయన తెలివి. పదకొండేళ్ళుగా ఇదే తంతు. భార్య ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. ఆయన జేబులోంచి పాత ఫొటో తీసి ఆ తొక్కల పక్కనే పెట్టి, "ఏంటే ఇది? త్వరగా చెప్పు, అవతల మనుషులున్నారు" అంటాడు. ఆమె చెయ్యి తుడుచుకుని, కిటికీల మూలలు చూసి, వెనక నిచ్చెన చూసి, బస్సు ఏ కాలానిదో, ఏ షెడ్డులో కట్టారో చెబుతుంది. రెండు నిమిషాల్లో అవే మాటలు, కాస్త గొంతు సవరింపు కలుపుకుని, హాల్లోంచి ఆమెకే వినిపిస్తాయి.

ఆమె తండ్రి డిపోలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో రేకు పనివాడు. చిన్నప్పుడు రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన తిని లేచేదాకా సగం కట్టిన బస్సుల్లో కూర్చునేది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పిన చదువు కాదది, దానంతటదే ఒంటబట్టింది. పెళ్ళయ్యాక అత్తగారు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. "తండ్రి రేకులు కొట్టాడు, కూతురు డబ్బా కొడుతోంది."

మాస్టారు నిజానికి బీమా ఆఫీసులో గుమాస్తా. పాత ఫొటోల్లోని బస్సులు గుర్తుపడతాడని జనం పెట్టిన పేరది. పాత బస్సు నంబర్లూ అవి వచ్చిన సంవత్సరాలూ ఉన్న పట్టిక ఒకటి ఎక్కడో సంపాదించి బట్టీ పట్టాడు. ఫొటోలో నంబరు ప్లేటు కనబడితే సంవత్సరం టకీమని చెబుతాడు. కనబడకపోతే కుళాయి. ఓసారి ఇంటినిండా అభిమానులుండగా, "మా ఆవిడకి బస్సంటే ఎక్కడం, దిగడం, సీటు దొరక్కపోతే నామీద అరవడం, అంతే" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ట్రే పట్టుకుని ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు మ్యూజియంలో ఆయన ఫొటోలకు ఏకంగా ఒక గదే ఇస్తున్నారు. నలభై ఫొటోలు, ఒక్కోదాని కింద బస్సు సంవత్సరం, గుర్తుపట్టినవారి పేరు వేసిన ఒక చీటీ. ముప్పై తొమ్మిదింటికి చీటీలు అయిపోయాయి. చివరిది తేల్చుకోవడానికి ఈరోజు మ్యూజియం అధికారిణి స్వయంగా వచ్చింది. ఆవిడ రాకముందు బల్ల తుడుస్తుంటే, గోడకు పెట్టబోయే బోర్డు నకలు భార్య కంటబడింది. పరిశోధన, గుర్తింపు అన్నచోట పెద్దక్షరాల్లో ఆయన పేరు. అట్టడుగున, ‘ఫొటోల దుమ్ము దులిపి సహకరించిన శ్రీమతికి కృతజ్ఞతలు.’ ఆ శ్రీమతికి పేరు కూడా లేదు. గుడ్డ చేత్తో పట్టుకుని మూడుసార్లు చదివింది.

"నేను చెప్పినవాటి కింద నా పేరు కూడా వేయించండి" అని భర్తను అడిగేసింది.

"చీటీ ఎంతుంటుందే? ఇద్దరి పేర్లు పడతాయా అందులో? అయినా మొగుడి పేరొస్తే నీ పేరొచ్చినట్టు కాదూ?"

ఇద్దరివీ పట్టకపోతే నాదొక్కటే వేయించండి అనాలని నాలుకదాకా వచ్చింది. అనలేదు. అనలేకపోయినందుకు ఆయన మీదకంటే తనమీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంతలో అధికారిణి రానే వచ్చింది. పది నిమిషాలకల్లా కుళాయి మోగింది.

"ప్లేటు మసకగా ఉందే. ఏదీ, చూడు."

ఆమె ఫొటో చూసింది. చూడగానే తెలిసిపోయింది. కుళాయి కట్టేసి, మామూలు గొంతుతో, "ఆవిడ ముందు అడగండి, చెప్తాను" అంది.

"పిచ్చెక్కిందా నీకు?" అని పళ్ళు కొరికి వెళ్ళిపోయాడు.

హాల్లో అధికారిణి బ్యాగులోంచి భూతద్దం తీసి, ప్లేటు మీద పెట్టి నంబరు చదివింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! నలభై ఎనిమిదిలో వచ్చిన బండి. కళ్ళు మూసుకుని రాసేయండి."

"కళ్ళు తెరిచి చూస్తే కాదని తెలుస్తుంది." ఆమె గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది. "నంబరు అప్పటిదే, బస్సు కాదు. కొత్త నంబరు కావాలంటే ఫైలు ఏడాది తిరిగేది. అందుకని తుక్కుకు పోయే బస్సు ప్లేటు ఊడదీసి కొత్తదానికి బిగించేవాళ్ళు. షెడ్డులో అందరికీ తెలుసది. ఈ రేకు చూడండి, వరసగా రివెట్లు. నలభై ఎనిమిదిలో ఆ షెడ్డులో అన్నీ చెక్క చట్రాలే, రేకుకు స్క్రూలు ఉండేవి. రివెట్లున్నాయంటే ఇది ఇనప చట్రం. అరవై దాటాకే వచ్చింది."

అధికారిణి మళ్ళీ భూతద్దం పెట్టి చూసింది. "నిజమే. రివెట్లేనండీ."

"వాళ్ళ నాన్న అక్కడ రేకు పనిలెండి. చిన్నప్పటి కబుర్లు." మాస్టారు నవ్వబోయాడు. "నువ్వెళ్ళి టీ సంగతి చూడు."

ఆమె కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. "ఆ ముప్పై తొమ్మిదిలో ప్లేటు కనబడనివన్నీ కూడా నేనే చెప్పానండీ."

"నోరు ముయ్యి! నలుగురిలో నా పరువు తీద్దామనా?"

అధికారిణి ఆయనవైపు చూసింది, ఆమెవైపు చూసింది. ఆమె ఫొటోల కట్ట విప్పి, ప్లేటే కనబడని బస్సొకటి ఏరి భర్త ముందు పెట్టింది. పదకొండేళ్ళలో మొదటిసారి, ఆయన జవాబు కోసం తను ఎదురుచూస్తోంది.

"చీటీలో సంవత్సరం ఉంది. అదెలా తెలిసిందో చెప్పండి" అంది. "ఆవిడ రాసుకుంటారు."