సీటు కాసిన తువ్వాలు

నేను ఒక తువ్వాలుని. తెల్లటి నూలు ఒళ్లు, రెండు చివర్లా ఎర్ర అంచు. పొందూరు దగ్గర ఒక పల్లెలో గుంట మగ్గం మీద పుట్టాను. నన్ను నేసిన ముసలాయన పోగు తెగినప్పుడల్లా నన్నే తిట్టేవాడు, తప్పు నాదైనట్టు. తరవాత సంతలో పోలినాయుడు నన్ను కొన్నాడు. ముఖం తుడుచుకోవడానికే అనుకున్నాను. ఆయనకు నాతో వేరే పని ఉంది.

పోలినాయుడికి పార్వతీపురం దగ్గర ఎరువుల కొట్టు ఉంది. ఎక్కడికి వెళ్లాలన్నా, బస్సు సరిగ్గా ఆగకుండానే కిటికీలోంచి నన్ను సీటు మీదకు విసిరేవాడు. అంతే, ఆ సీటు ఆయనది. ముందు ఎక్కినవాళ్లు కూడా నన్ను చూసి గొణుక్కుంటూ నిలబడేవాళ్లు గాని, నన్ను తీసి కూర్చునేవాళ్లు కారు. పొలం గట్టు జానెడు జరిగితే తలలు పగలగొట్టుకునే మనుషులు ఒక గుడ్డముక్కకి అంత మర్యాద ఇవ్వడం నాకు వింతగా ఉండేది. గర్వంగానూ ఉండేది, అబద్ధమెందుకు!

ఒకసారి విజయనగరం బస్టాండులో ఆయన భార్య తవిటమ్మ తప్పిపోయింది. ఆయన ఎప్పుడూ ముందు నడుస్తాడు, ఆమె వెనక. వెనక్కి తిరిగి చూసే అలవాటు ఆయనకు లేదు. ఆమె కనిపించాక మళ్లీ ఆమె మీదే కేకలేశాడు.

"ఇదిగో తవిటీ, ఇకమీద ఎక్కడ తప్పిపోయినా తువ్వాలు దగ్గిరికెళ్లి కూకో. కదలకు. నానే వొస్తాను."

అప్పటినుంచి వాళ్లిద్దరికీ అదే కట్టుబాటు. జాతరలో, పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాలో ఆమె నా పక్కన కూర్చునేది. ఆయన ఎప్పుడో వచ్చి నాకు అటుపక్క కూర్చునేవాడు. మధ్యలో నేను.

ఈ ఏడాది ఎరువుల కంపెనీవాళ్లు డీలర్లందరినీ భార్యలతో సహా హాంకాంగ్ చూపిస్తామన్నారు. తవిటమ్మకు ఇష్టం లేదు. రెండు నెలల కిందటే పోలినాయుడి గుండెకు స్టెంటు వేశారు.

"ఊరందరికీ సెప్పీసినాను. ఇప్పుడెల్లకపోతే నవ్వరా?" అన్నాడాయన.

బయల్దేరే ముందు ఆమె, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరు ఇచ్చిన మాత్రలు తెచ్చి నా మూలన గట్టిగా ముడివేసింది. జేబులో పెడితే చొక్కా మార్చినప్పుడు మరిచిపోతాడు. నన్ను మాత్రం మరవడు.

"ముడుపు కట్టినావేటే?"

"నవ్వు మావా, నవ్వు. నీకేటి!"

హాంకాంగ్‌లో మొదటి రెండు రోజులూ కంపెనీవాళ్లు అందరినీ గుంపుగా తిప్పారు. కొండ మీదకు ఏటవాలుగా పాకే రైలు ఎక్కించారు. పైనుంచి చూస్తే కింద సముద్రం, దాని రెండు ఒడ్డుల మీదా ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు మేడలు. అందరూ అబ్బురపడ్డారు. తవిటమ్మ మాత్రం ఆ ఊరిని చూడలేదు. మెట్లెక్కే మొగుడి వీపు చూసింది. ఆయన ఆగితే ఆగింది. ఆయన ఫోటో కోసం నవ్వినప్పుడు, నవ్వు అయ్యాక ఎంతసేపు ఊపిరి తీసుకుంటున్నాడో చూసింది.

మూడో రోజు మిగతావాళ్లు బజారుకు వెళ్లారు. పోలినాయుడు మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవ ఎక్కుదామన్నాడు. రేవులో గేటు తియ్యగానే జనం కదిలారు. అంతే, ఆయనకు బస్టాండు గుర్తొచ్చినట్టుంది. భుజం మీది నన్ను లాగి, ముందువాళ్ల తలల మీదుగా పడవలోకి విసిరాడు. కిటికీ పక్కన చెక్క సీటు మీద పడ్డాను. పడవలో సగం సీట్లు ఖాళీ!

"ఎల్లి తువ్వాలు దగ్గిర కూకో. నీళ్లసీసా బల్ల మీద ఒగ్గీసినాను, తెస్తాను" అని ఆయన వెనక్కి పరిగెత్తాడు.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. గేటు మూశారు. తాళ్లు విప్పారు. రేవు మెల్లగా వెనక్కి జరిగింది. ఒడ్డున సీసా పట్టుకుని చెయ్యి ఊపుతూ పోలినాయుడు.

"ఓలమ్మో! ఆపండి బాబూ! మా మావ ఉండిపోనాడు!"

ఎవరికీ అర్థం కాలేదు. ఫోను ఆయన దగ్గర ఉంది. హోటలు పేరు పలకడానికి ఆమెకు నోరు తిరగదు. అప్పుడామె చెయ్యి నా మూలకు తగిలింది. ముడి. మాత్రలు ముడిలోనే ఉన్నాయి. ఒడ్డున ఆయన దగ్గర ఒక్కటీ లేదు.

ఇంతలో కిటికీ పక్కన కూర్చోవాలని ఒక చీనా ముసలమ్మ వచ్చింది. నన్ను తీసి, చక్కగా మడతపెట్టి, నవ్వుతూ తవిటమ్మ ఒళ్లో ఉంచి, పోలినాయుడి చోట్లో కూర్చుంది. నా బతుకులో అలాంటి అవమానం ఎన్నడూ జరగలేదు. కాని ఆ పూట అవమానపడే తీరిక నాకూ లేదు.

అవతలి ఒడ్డున అందరూ దిగారు. ఆమె దిగలేదు. నీలం బట్టల పడవమనిషి వచ్చి గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆమె నన్ను చూపించింది, ఖాళీ సీటు చూపించింది, దాటివచ్చిన ఒడ్డు చూపించింది. "తువ్వాలు దగ్గిరే కూకోమన్నాడు బాబూ" అంది. అతను ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. తిరుగు ప్రయాణానికి సీట్ల వీపుచెక్కలను ఒక్కొక్కటే అటునుంచి ఇటు తిప్పుకుంటూ వెళ్లాడు. ముందు వెనకయింది. పడవ తిరిగి బయల్దేరింది.

ఇన్నేళ్లూ నేను ఉన్నచోటే ఉండేదాన్ని, వెతికేవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఇప్పుడు నేనే కదిలిపోతున్నాను. నా దగ్గర కూర్చున్న మనిషి ఇంకెలా దొరుకుతుంది?

సముద్రం మధ్యలో ఎదురుగా ఇంకో పడవ వచ్చింది. దాని అంచు కమ్మీ పట్టుకుని పోలినాయుడు! ఆమె నన్ను కిటికీలోంచి బయటకు చాపి ఊపింది. గాలికి నేను చినిగిపోతానేమో అనిపించింది. ఆయన నన్ను చూశాడు. నోరు తెరిచి ఏదో అరిచాడు. ఇంజన్ల మోతలో ఏమీ వినబడలేదు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని ఉండడం మాత్రం ఇద్దరం చూశాం. ఆయన అటు, మేము ఇటు.

మొదటి రేవు వచ్చింది. ఆమె లేచింది. దిగితే ఆయన అక్కడ, తను ఇక్కడ. దిగకపోతే, ఆయన అవతల ఆగకుండా మళ్లీ ఇటే వచ్చేస్తే? వెనక్కి చూడని మనిషి, ఒకచోట నిలబడి ఎదురుచూస్తాడా? ఒక అడుగు వేసింది. ఆగింది. మళ్లీ కూర్చుంది.

"కదలకన్నాడు" అంది నాతో.

ఆ దాటడం ఎంత పొడుగో! అవతలి రేవులో గేటు అవతల ఆయన కనిపించాడు, కమ్మీ పట్టుకుని, చెమటలో తడిసి. ఎక్కడికీ పోలేదు. మా పడవ మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాడు. గేటు తియ్యగానే తడబడుతూ వచ్చి సీట్లో కూలబడ్డాడు. ఆమె చేతులు ముడి విప్పలేకపోయాయి. పళ్లతో లాగింది. మాత్ర ఆయన నాలుక కింద పెట్టి, నాతోనే ఆయన ముఖం తుడిచింది. నేను పుట్టిన పని అప్పటికి చేశానేమో.

కాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు.

"ఎక్కడా దిగలేదేటే?"

"తువ్వాలు దగ్గిర కూకోమన్నావు గదా."

"నీ ఎనకే ఎక్కాల్సింది. సీసా కోసం ఎల్లినాను, ఎర్రోణ్ణి."

"మాటాడకు మావా. లే, దిగుదాం."

ఆమె రెండు చేతులతో ఆయన్ను పొదివి పట్టుకుంది. పడవమనిషి మరోపక్క పట్టాడు. నన్ను పట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి మిగల్లేదు. సీటు మీదే ఉండిపోయాను. పడవ కదులుతుంటే చూశాను. రేవు బల్ల మీద ఆయన ఆమె భుజానికి తల ఆనించి కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక తువ్వాలు పట్టేంత చోటు కూడా లేదు.

ఇప్పుడు రేవు ఆఫీసులో, జనం మరిచిపోయిన గొడుగులు, కళ్లజోళ్ల పక్కన ఒక అరలో ఉన్నాను. ఆయన ఎలా ఉన్నాడో తెలియదు. ముడి విప్పిన మూల ఇంకా నలిగే ఉంది. మనిషి తప్పిపోతే తువ్వాలు దగ్గర కూర్చోవాలి. తువ్వాలే తప్పిపోతే ఏం చెయ్యాలో పోలినాయుడు చెప్పలేదు. అందుకని నేను కదలకుండా ఉన్నాను.