సహాయం: భార్య

"సహాయకులు అన్న చోట 'భార్య' అని రాసెయ్, చాలు," అన్నారు మా ఆయన గడ్డం గీసుకుంటూ. అద్దంలోకి చూస్తూనే అన్నారు, నా వైపు తిరగలేదు. నేను పొద్దుట్నుంచీ ఆయన వార్షిక నివేదిక రాస్తున్నాను. 'నేను బాలికల బడి తెరిచాను. నేను వరద రోజుల్లో ఏటి రెండు ఒడ్డులకూ మందులు చేర్చాను.' ఆ నేను అంటే ఆయన. బడి తెరిచిన రోజున ఆయన నాలుగు ఊళ్ళవతల పర్యటనలో ఉన్నారు. వరదలప్పుడు ఆయనకి జ్వరం. దుప్పటి కప్పి, కాచిన నీళ్ళు పక్కన పెట్టి, పడవెక్కింది నేను. అయినా పద్నాలుగేళ్ళుగా ఆ 'నేను' నా చేత్తోనే రాస్తున్నాను. సిగ్గేస్తుంది చెప్పుకోవడానికి, ఆ అబద్ధాలు ఎంత బాగా రాస్తానో.

సముద్రం దాటి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మెథడిస్టు సంఘం ఆయన్ని మిషనరీగా నియమించింది. నన్నెవరూ నియమించలేదు, ఆయన సామానుతో పాటు దిగాను. బయల్దేరేటప్పుడు మా అత్తగారు, "వాడు దేవుడి పని చూసుకుంటాడు, నువ్వు వాణ్ణి చూసుకో," అన్నారు. చూసుకుంటూనే ఇక్కడి భాష నేర్చుకున్నాను, సంతలో, పురుళ్ళ దగ్గర, చావు ఇళ్ళలో కూర్చుని. ఆయన ఇప్పటికీ మా భాషలోనే ప్రసంగిస్తారు. పక్కన నిలబడి నేను వీళ్ళ భాషలో చెబుతాను. చప్పగా ఉన్నచోట కాస్త ఉప్పూ కారం వేసి మరీ చెబుతాను. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరూ ఆయన చెయ్యి పట్టుకుని ఎంత బాగా చెప్పారండీ అంటే, ఆయన తల వంచి అంతా దేవుడి దయ అంటారు. ఆ క్షణంలో దేవుడి మీద కూడా ఒళ్ళు మండుతుంది నాకు.

ఈ ఏడు ఆయన్ని రాజధానిలో మిషను పెద్దగా వేస్తారని ముందే తెలిసింది. ఆయన స్థానంలో వచ్చే కొత్త పాస్టరు గారు ముందుగానే ఉత్తరం రాశారు. బాలికల బడి నడపడం తన వల్ల కాదట, ఆ గది అతిథులకి ఉంచుతారట. నలభై ఒక్కమంది చదువుతున్నారు అందులో. ముగ్గురు పిల్లల్ని కని, ఇప్పుడు అక్షరాలు దిద్దుకుంటున్న తల్లులున్నారు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మూడో రోజున బిషప్పు గారికి ఉత్తరం రాశాను, ఈ బడికి నన్ను నా పేరున నియమించండి అని. రాసింది మా ఆయనకి చూపించాను.

"ఆడవాళ్ళకి నియామకాలేమిటే? నేను అక్కడా నువ్వు ఇక్కడానా?" అన్నారు. తర్వాత నవ్వేసి, "పంపుకో. నలుగురిలో నవ్వులపాలయ్యేది నువ్వే," అన్నారు.

ఆయన నివేదికతో పాటే దాన్నీ పోస్టు చేశాను.

సంఘ సమావేశం మా ప్రార్థన మందిరంలోనే జరిగింది. బిషప్పు గారికీ, వచ్చిన సంఘస్తులకీ టీలిచ్చి, కప్పులు కడిగి, సభలో మాటలన్నీ రాసే మినిట్స్ పుస్తకం పట్టుకుని మూల కూర్చున్నాను. నా చేతిరాత బాగుంటుందని ఆ పని కూడా నాదే. మా మెథడిస్టుల్లో ఒక పద్ధతి ఉంది. ఏటా ఒక్కో సేవకుడి పనినీ సభ విచారిస్తుంది. విచారణ సాగినంతసేపూ ఆ మనిషి గదిలో ఉండకూడదు. మొహమాటం లేకుండా నిజం చెప్పడానికి ఆ ఏర్పాటు. మా ఆయన వంతు రాగానే ఆయన కోటు సర్దుకుని బయటికి వెళ్ళారు. నన్ను వెళ్ళమని ఎవరికీ తోచలేదు. కుర్చీలూ బల్లలతో పాటు నేనూ ఉండిపోయాను.

బిషప్పు గారు నివేదిక తెరిచారు. "వరదల్లో మందులు చేరాయని ఉంది. ఎవరు తీసుకెళ్ళారు?"

పడవాయన లేచాడు. "అమ్మగారండీ. తొమ్మిది రోజులు నా పడవలోనే తిరిగారు."

అలవాటుకొద్దీ పాస్టరు గారు అని రాసేశాను. కొట్టేసి, అమ్మగారు అని రాశాను.

"మరి బడి?"

"బడి అమ్మగారిదే కదండీ," అన్నాడు వడ్రంగి. "బల్లలు చేసిపెట్టడానికెళ్తే నాకూ అక్షరాలు నేర్పారు. నా సంతకం నేను పెట్టుకుంటున్నానంటే ఆవిడ పుణ్యమే."

కుట్టుపని చేసే పెద్దావిడ కూర్చునే అంది. "నా కూతురు పోయినప్పుడు పాస్టరు గారు ఊళ్ళో లేరు. సమాధి దగ్గర ప్రార్థన చేసింది అమ్మే. అంతకంటే ఏం చెప్పమంటారు?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిషప్పు గారు కళ్ళజోడు తీసి, "మనం ఎవరి పని విచారిస్తున్నట్టు?" అన్నారు.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా," అంది పెద్దావిడ. "పద్ధతి అంటే పద్ధతే కదండీ. అమ్మా, ఆ పుస్తకం అక్కడ పెట్టి నువ్వు బయటికి నడు. నీ ఎదురుగా మాట్లాడకూడదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే లేచాను. నా బతుకులో ఎన్నో గదుల్లోకి పిలిచారు నన్ను, వండటానికో వడ్డించటానికో. బయటికి పంపటం మాత్రం అదే మొదటిసారి. నా ఆనందం ఇంతా అంతా కాదు.

బయట బెంచీ మీద ఆయన. "టీ కావాలన్నారా?" అన్నారు.

"కాదు. నా పని విచారిస్తున్నారు."

ఆయన కాస్త జరిగి చోటిచ్చారు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం, ఒకే పరీక్ష రాసిన పిల్లల్లా. పావుగంటకి వడ్రంగి తలుపు తీశాడు. ఆయన లేచి రెండడుగులు వేశారు.

"మీరు కాదండీ," అన్నాడు వడ్రంగి. "ముందు అమ్మగారు."

లోపల బిషప్పు గారి చేతిలో నా ఉత్తరం ఉంది. "సభ ఒప్పుకుంది. ఈ బడికి మిమ్మల్ని మీ పేరునే నియమిస్తున్నాం," అన్నారు. చప్పట్లు ఆగేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "మీ ఆయన్ని రాజధానికి వేస్తున్నామమ్మా. మరి కాపురం మాటేమిటి?"

పద్నాలుగేళ్ళ కిందట నన్ను ఓడెక్కించేటప్పుడు ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"నా నియామకం ఇక్కడ కదండీ," అన్నాను. "నాతో ఉంటారో, వెళ్తారో, ఆయన్ని పిలిచి అడగండి."